క్రైస్తవ ఆరాధన (గుంటూరు, ప్రకాశం ప్రాంతం)

క్రైస్తవ ఆరాధన అనగా క్రైస్తవ విశ్వాసులు ఒకచోట కూడుకొని పాట, ప్రార్థన, వాక్యపఠనం, ప్రసంగం, ప్రభువు బల్ల, కానుకల ద్వారా దేవునికి తమ భక్తిని సమర్పించుకొనే విధానం. అయితే బైబిలు బోధ ప్రకారం ఆరాధన ఈ కార్యక్రమంతో ముగిసిపోదు. తోటి మనిషి పట్ల న్యాయంగా నడచుకోవడం, తన శ్రమను, సంపాదనను దేవుని సేవగా ఎంచడం కూడా ఆరాధనలో భాగాలే. ఇటీవలి దశాబ్దాలలో తెలుగు సంఘాలలో "ఆరాధన" అనే మాట ఎక్కువగా పాటలు పాడే సమయానికి పరిమితమవుతున్నది. అందువలన ఈ మాటకు అసలు అర్థం ఏమిటనే ప్రశ్న సంఘాలలో తరచుగా చర్చకు వస్తున్నది.

ఈ వ్యాసం ప్రధానంగా గుంటూరు, ప్రకాశం జిల్లాలలోని పత్తి, మిరప పండే మైదాన ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ విషయాన్ని వివరిస్తుంది. లూథరన్, బాప్టిస్టు, కతోలిక, సాల్వేషన్ ఆర్మీ, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలు ఈ ప్రాంతంలో పక్కపక్కనే ఉన్నవి. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో ఈ రెండు జిల్లాల భూభాగం నుండి పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడినవి. ఈ వ్యాసంలో పాత జిల్లాల హద్దులనే తీసుకోవడం జరిగినది.

శబ్దార్థం

"ఆరాధన" సంస్కృత పదం. ప్రసన్నం చేసుకొనుట, సంతోషపెట్టుట, పూజించుట అని దీని అర్థాలు. తెలుగు బైబిలులో మూలభాషలలోని వేర్వేరు పదాలకు సందర్భాన్నిబట్టి ఆరాధించుట, సేవించుట, నమస్కరించుట, పూజించుట, సాగిలపడుట అనే మాటలు వాడబడినవి. ఆ మూలపదాలను గమనిస్తే ఆరాధన భావం ఎంత విస్తృతమైనదో తెలుస్తుంది.

హెబ్రీ భాషలో "షాఖా" అనే ధాతువుకు నేలకు వంగి సాగిలపడుట అని అర్థం. మరొక పదం "అవోదా". దీనికి పని, సేవ, ఆరాధన అనే మూడు అర్థాలూ ఉన్నవి. నేలను సేద్యం చేయుటకు, ఐగుప్తులో ఇశ్రాయేలీయుల చేత చేయించిన వెట్టిచాకిరికి, దేవాలయంలో జరిగే సేవకు హెబ్రీ బైబిలు ఒకే ధాతువును వాడుతుంది. నిర్గమకాండంలో మోషే ఫరోను అడిగినది తన ప్రజలను దేవుని సేవించుటకు పోనిమ్మని. అనగా వెట్టి నుండి విడుదల, ఆరాధన అక్కడ ఒకే సంఘటనకు రెండు ముఖాలు.

గ్రీకు భాషలో వ్రాయబడిన కొత్త నిబంధనలో మూడు పదాలు ముఖ్యమైనవి. "ప్రొస్కునేయో" అనగా వంగి నమస్కరించుట. "లత్రెయా" అనగా సేవ. "లెయితూర్గియా" అనగా ప్రజల తరఫున, ప్రజల కొరకు చేసే పని. పూర్వం గ్రీకు నగరాలలో సంపన్నులు తమ ఖర్చుతో చేసే ప్రజాహిత కార్యాలకు ఈ మూడవ మాట వాడేవారు. క్రమబద్ధమైన ఆరాధన విధానాన్ని సూచించే "లిటర్జీ" అనే పేరు దీని నుండి వచ్చినదే.

ఈ పదాలను కలిపి చూస్తే ఆరాధనకు రెండు భాగాలు కనిపిస్తాయి. ఒకటి దేవుని ఎదుట వంగుట. రెండవది సేవ చేయుట. వీటిలో ఏ ఒక్కటి లోపించినా రెండవది అసంపూర్ణం.

బైబిలులో ఆరాధన

పాత నిబంధన ప్రవక్తలు ఆచారాన్ని కాదనలేదు గాని, న్యాయం లేని ఆచారాన్ని గట్టిగా ఖండించారు. బీదలను అణగద్రొక్కుతూ జరుపుకొనే పండుగలు, పాటలు దేవునికి అసహ్యమని, న్యాయం నీటిప్రవాహం వలె పారవలెనని ఆమోసు గ్రంథం 5వ అధ్యాయం చెబుతుంది. ఉపవాసం చేస్తూనే పనివారిని పీడించేవారిని యెషయా గ్రంథం 58వ అధ్యాయం ప్రశ్నిస్తుంది. ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టుట, కాడిమానును విరుగగొట్టుట నిజమైన ఉపవాసమని అక్కడ వివరణ.

కొత్త నిబంధనలో యోహాను సువార్త 4వ అధ్యాయం ఈ విషయంలో కీలకమైనది. యూదులు అంటరానివారిగా చూసిన సమరయ జాతికి చెందిన ఒక స్త్రీ, ఆరాధించవలసిన స్థలం తమ కొండా లేక యెరూషలేమా అని యేసును అడుగుతుంది. స్థలం ముఖ్యం కాదని, ఆత్మతోను సత్యంతోను ఆరాధించేవారినే తండ్రి కోరుతున్నాడని ఆయన జవాబిస్తాడు. ఆ సంభాషణ ఒక బావి వద్ద జరిగినది, ఆయన ఆమెను త్రాగుటకు నీళ్ళు అడుగుటతో అది మొదలైనది. ఊరిబావి నీళ్ళకు కూడా నోచుకోని కులాల నుండి వచ్చిన క్రైస్తవులకు ఈ ఘట్టం ఎందుకు దగ్గరయినదో సులభంగా అర్థమవుతుంది.

బలిపీఠం వద్దకు వచ్చినప్పుడు సహోదరునితో విరోధం గుర్తుకు వస్తే కానుకను అక్కడే విడిచి, ముందు సమాధానపడవలెనని మత్తయి సువార్త 5వ అధ్యాయం చెబుతుంది. రోమా పత్రిక 12వ అధ్యాయంలో పౌలు శరీరాన్నే సజీవమైన యాగంగా సమర్పించమని కోరుతాడు. బంగారు ఉంగరం ధరించినవానికి మంచి స్థలం చూపి, బీదవానిని కాళ్ళ దగ్గర కూర్చుండబెట్టే సంఘాన్ని యాకోబు పత్రిక 2వ అధ్యాయం మందలిస్తుంది.

చరిత్ర

అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు సహాయం చేశాడు. హయ్యర్ ముందుగా బడులు తెరచి, తరువాత పల్నాడులోని గురజాలకు పనిని విస్తరించాడు. ఈ మిషను నుండి ఏర్పడిన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం 1927లో స్వతంత్ర సంఘంగా రూపొందినది. దీని కేంద్రం గుంటూరు.

ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూవెట్ 1854 జనవరి 1న తెల్లవారుజామున కొద్దిమందితో ఒంగోలులోని ఒక కొండపై ప్రార్థన చేశాడు. ఆ స్థలం ప్రార్థన కొండగా పేరుపొందినది. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. అదే సంవత్సరం ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి బాప్తిస్మం పొందాడు. మాదిగ కులానికి చెందిన పేరయ్య అంతకుముందే యోగమార్గంలో సాధన చేసినవాడు. ఆయన తన బంధువుల ఊళ్ళు తిరిగి చెప్పిన మాటల వలననే ఈ ప్రాంతంలో పెద్ద కదలిక వచ్చినది. అందుచేత ఇక్కడి ఆరాధన విదేశీయులు మాత్రమే తెచ్చిపెట్టినది అనుట సరికాదు.

1876-78 నాటి కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. తిండి కొరకు మతం మారినారనే మాట రాకూడదని కరువు పని జరిగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ పని ముగిసిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇవ్వబడినది. తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి ఈ పని చేశారు. ఈ వివరాలు క్లౌ ఆత్మకథలోను, ఆయన భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ రచనలలోను కనిపిస్తాయి.

కతోలికులు ఈ ప్రాంతంలో ఇంకా ముందునుండి ఉన్నారు. ఫిరంగిపురం వారికి ముఖ్య కేంద్రం. గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడినది. సాల్వేషన్ ఆర్మీకి బాపట్ల ప్రాంతం ముఖ్యమైనది.

ఆదివారం - పనిదినం

ఒంగోలు ప్రాంతంలో కొత్తగా సంఘంలో చేరేవారికి క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి ఇవి కేవలం మతనియమాలుగా కనిపిస్తాయి. కాని ఆనాటి గ్రామ వ్యవస్థలో మొదటి నియమం అన్నిటికంటె కష్టమైనది.

మాదిగలు రైతులకు చెప్పులు, తోలు బొక్కెనలు చేసి ఇచ్చి, ప్రతిఫలంగా కళ్ళం వద్ద ధాన్యం పొందేవారు. పిలిచిన రోజున పనికి పోవుట, గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టుట వారి విధులు. వారంలో ఒక రోజు మాది అని చెప్పడం, డప్పు కొట్టమని చెప్పడం ఆ కట్టుబాటును ధిక్కరించడమే. దీనికి ప్రతిగా పని ఇవ్వకపోవుట, నీళ్ళు ఆపుట, కొట్టుట వంటివి జరిగినట్లు క్లౌ వ్రాశాడు. ఆనాటి విశ్వాసికి ఆదివారం కూర్చుండుటయే ఒక సాక్ష్యం. హెబ్రీ "అవోదా" లోని రెండు అర్థాలు ఇక్కడ ఎదురెదురుగా నిలిచినవి. ఎవరి సేవ చేయవలెను అనేదే ప్రశ్న.

ఈ ప్రశ్న రూపం మారినా పూర్తిగా పోలేదు. పత్తి తీతలు శీతకాలంలోను, మిరపకోతలు సుమారు జనవరి నుండి ఏప్రిల్ వరకును జరుగుతాయి. కాయ పండిన తరువాత కోత వాయిదా వేస్తే రైతుకు నష్టం, పోకపోతే కూలికి నష్టం. కోతకు పోయేవారిలో అధికులు స్త్రీలు. సంఘంలో అధికులు కూడా స్త్రీలే. అందువలన కోతల కాలంలో పలు గ్రామాలలో ఆరాధనను తెల్లవారుజాముకో, రాత్రికో మార్చుకొంటారు. ఆదివారం కూలికి పోయిన స్త్రీని విశ్వాసం తక్కువైనదిగా చూచుట న్యాయం కాదు. ఆ రోజు విశ్రాంతి తీసుకొనే స్థోమత ఆమెకు ఎందుకు లేదని అడుగుట ప్రవక్తల మార్గానికి దగ్గరగా ఉంటుంది.

వివిధ సంఘాలలో ఆరాధన క్రమం

లూథరన్ సంఘాలలో క్రమం ముద్రిత పుస్తకాన్ని అనుసరిస్తుంది. పాపపు ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన, కీర్తన, వాక్యపాఠాలు, విశ్వాస ప్రమాణం, ప్రసంగం, కానుక, ప్రార్థన, ఆశీర్వచనం ఇందులోని ముఖ్యాంశాలు. శిశువులకు బాప్తిస్మం ఇస్తారు. గ్రామాలలో పాస్టరును "అయ్యగారు" అని, ఆయన భార్యను "అమ్మగారు" అని పిలుస్తారు.

బాప్టిస్టు సంఘాలలో ముద్రిత క్రమం తక్కువ, ప్రసంగానికి ప్రాధాన్యం ఎక్కువ. తనంతట తాను విశ్వసించినవారికి మాత్రమే నీట ముంచి బాప్తిస్మం ఇస్తారు. పూర్వం వాగు, చెరువు, కాలువలలో ఇచ్చేవారు. ఇప్పుడు చాలా మందిరాలలో దీనికి తొట్టి కట్టించుకొన్నారు.

కతోలికుల ప్రధాన ఆరాధన దివ్యబలిపూజ. బాప్తిస్మాన్ని వీరు జ్ఞానస్నానం అంటారు. రెండవ వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన ఆరాధన నిర్ణయం తరువాత లాటిన్ స్థానంలో తెలుగు వచ్చినది. 1969లో భారతదేశానికి అనుమతించిన పన్నెండు మార్పులలో నేలపై కూర్చుండుట, చేతులు జోడించి నమస్కరించుట, దీపం, హారతి వంటివి ఉన్నవి.

దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడినది. ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంప్రదాయాల వారు ఇందులో కలిశారు. 1950 నాటి దీని ప్రభురాత్రి భోజన క్రమంలో, పక్కవారి చేతులను తమ చేతులలోకి తీసుకొని సమాధానం తెలుపుకొనే ఆచారం చేర్చబడినది. సిరియన్ క్రైస్తవుల వద్దనుండి గ్రహించిన ఈ ఆచారం తరువాత ఇతర దేశాల సంఘాలను కూడా ప్రభావితం చేసినది. అంటరానితనం పాటించిన సమాజంలో, ఆరాధన మధ్యలో ఒకరి చేతిని ఒకరు పట్టుకొనుట చిన్న విషయం కాదు.

భక్తసింగ్ (2000లో మరణం) 1941లో మద్రాసులో ప్రారంభించిన సహవాసాలకు 1950 నుండి హైదరాబాదులోని హెబ్రోను కేంద్రమయినది. ఈ సహవాసాలు కోస్తా జిల్లాలలో బాగా వ్యాపించినవి. చాపలపై కూర్చొని, స్త్రీపురుషులు వేరువేరు పక్కల ఉండి గంటల తరబడి కూడుకొంటారు. వీరి వాడుకలో "ఆరాధన" అనగా రొట్టె విరుచుటకు ముందు సంఘ సభ్యులు ఒకరి తరువాత ఒకరు స్వయంగా కృతజ్ఞతా ప్రార్థన చేసే భాగం. తరువాత అందరూ కలిసి భోజనం చేయుట కూడా ఉన్నది. దీనిని ప్రేమవిందు అంటారు.

సాల్వేషన్ ఆర్మీ వారు బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం అనే రెండు సంస్కారాలనూ ఆచరించరు. జీవితమంతా సంస్కారమేనని వారి భావన. ఆచారాన్ని అత్యధికంగా పాటించే కతోలికులు, అసలు పాటించని సాల్వేషన్ ఆర్మీ వారు ఒకే ప్రాంతంలో ఉండుట ఇక్కడి విశేషం.

కీర్తనలు, వాద్యాలు

తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలన్నిటినీ కలిపిన గ్రంథం "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు". ఇందులో కీర్తనలకు రాగం, తాళం సూచించబడి ఉంటాయి. వీటిని రచించినవారిలో పురుషోత్తమ చౌదరి (1803-1890) అగ్రగణ్యుడు. చదువురాని వారు ఈ కీర్తనలను కంఠస్థం చేసి, వాటి ద్వారానే బైబిలు విషయాలను నేర్చుకొన్నారు. ఈ విధంగా పాట ఆరాధనకు అలంకారం మాత్రమే కాక పాఠశాల కూడా అయినది.

హార్మోనియం, తబలా, కంజీర, తాళాలు గ్రామ సంఘాలలో చాలాకాలం ప్రధాన వాద్యాలు. డప్పు విషయం వేరు. తరతరాల వెట్టికి గుర్తుగా తొలితరం విశ్వాసులు దానిని విడిచిపెట్టారు. ఆ తరువాత దళిత ఉద్యమ ప్రభావంతో డప్పును తమ ఆత్మగౌరవ చిహ్నంగా తిరిగి చేపట్టినవారు ఉన్నారు. ఒకే వాద్యాన్ని ఒక తరం విడిచిపెట్టుటలోను, మరొక తరం చేతబట్టుటలోను కోరుకొన్నది స్వేచ్ఛనే.

పండుగలు, కానుకలు

ఇక్కడి సంఘ సంవత్సరం వ్యవసాయ సంవత్సరంతో పెనవేసుకొని ఉన్నది. క్రిస్మసు పత్తి తీతల కాలంలో వస్తుంది. శ్రమదినాలు, మంచి శుక్రవారం, ఈస్టరు మిరప కోతల కాలంలో వస్తాయి. మంచి శుక్రవారం మధ్యాహ్నం యేసు సిలువపై పలికిన ఏడు మాటలపై వరుసగా ప్రసంగాలు ఉంటాయి. ఈస్టరు నాడు తెల్లవారుజామున సమాధుల వద్దకు పోయి ప్రార్థించే ఆచారం పలు ఊళ్ళలో ఉన్నది.

కోత పండుగ నాడు ధాన్యం, కూరగాయలు, కోళ్ళు, గుడ్లు, మిరపకాయలు వంటివి మందిరానికి తెచ్చి సమర్పిస్తారు. ఆరాధన తరువాత వాటిని వేలం వేసి, వచ్చిన సొమ్మును సంఘానికి వాడుతారు. రోజూ అన్నం వండే ముందు ఒక గుప్పెడు బియ్యం దేవుని కొరకు తీసిపెట్టే అలవాటు కూడా కొన్ని కుటుంబాలలో ఉన్నది. దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య, 1912లో భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పు అయినవాడు, పేదల సంఘాలు కూడా తమ కానుకతోనే నిలబడవలెనని బోధించాడు. కానుక ఇచ్చేవాడు దయను పొందేవాని స్థితి నుండి పైకి వచ్చి, ఇచ్చేవాని గౌరవాన్ని పొందుతాడు. ఈ కారణం చేత కానుక కూడా ఆరాధనలో భాగమని చెబుతారు.

ప్రభువు బల్ల, కులం

ప్రభువు బల్ల సమానత్వానికి గుర్తు. ధనికులు ముందుగా తిని, పేదలు ఆకలితో మిగిలిపోయిన కొరింథు సంఘాన్ని పౌలు మందలించిన సంగతి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ఉన్నది. ఈ మైదానంలో ఆ ప్రశ్న కులం రూపంలో వచ్చినది.

స్థూలంగా చూస్తే లూథరన్ సంఘాలలో మాలలు, బాప్టిస్టు సంఘాలలో మాదిగలు ఎక్కువ. కతోలికులలో రెడ్డి, కమ్మ మొదలైన కులాల వారు కూడా గణనీయంగా ఉన్నారు. ఒకే గ్రామంలో రెండు పేటలకు రెండు మందిరాలు ఉండుట సాధారణం. సిద్ధాంత భేదం వలన వేరైనవి కొన్నికాగా, కులభేదం వలన వేరుగా నిలిచినవి మరికొన్ని. మందిరంలో కలిసి కూర్చున్నవారు పెళ్ళి సంబంధాల విషయంలో వేరుగా ఉండుట కూడా కనిపిస్తుంది.

వినుకొండలో జన్మించిన మహాకవి గుఱ్ఱం జాషువా (1895-1971) 1941లో వెలువరించిన "గబ్బిలం" కావ్యంలో, గుడిలోనికి ప్రవేశం లేని పేదవాడు అక్కడ వ్రేలాడే గబ్బిలం ద్వారా తన మొర శివునికి విన్నవించుకొంటాడు. కొలిచే హక్కు ఎవరిది అనే ఆ ప్రశ్న ఒక మతానికి పరిమితమైనది కాదు.

1985 జూలై 17న కారంచేడులోను, 1991 ఆగస్టు 6న చుండూరులోను దళితులపై జరిగిన దాడులలో మరణించినవారిలో క్రైస్తవులు ఉన్నారు. ఈ సంఘటనలు సంఘాల ముందు ఒక కఠినమైన ప్రశ్నను ఉంచినవి. ఆదివారం పాడే పాటకు, పొలంగట్టుపై జరిగే అన్యాయానికి సంబంధం ఏమిటి? 1980ల నుండి వికసించిన దళిత వేదాంతం ఈ ప్రశ్నకు జవాబు వెదకినది. హారతి, దీపం వంటి గుడి సంప్రదాయాలను భారతీయతగా భావించి చేర్చుకొనుటను కూడా దళిత వేదాంతులు ప్రశ్నించారు. తమను వెలుపల ఉంచిన గుడి ఆచారం తమ సంస్కృతి ఎట్లా అవుతుందని వారి వాదన.

దీనికి చట్టపరమైన ముఖం కూడా ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం స్వీకరించిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా వర్తించదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఈ హోదా విస్తరించబడినది. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులు బి.సి.-సి వర్గంలో ఉన్నారు. వారికి ఎస్.సి. హోదా ఇవ్వవలెనని రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసినది. ఈ పరిస్థితి వలన కాగితంపై ఒక మతం, ఆదివారం మరొక మతంగా జీవించే కుటుంబాలు ఉన్నవి. వారిని కపటులని తేలికగా అనుట కంటె, ఆ కుటుంబాల మీద ఉన్న భారాన్ని గుర్తించుట సముచితం.

ఆధునిక మార్పులు

గత కొన్ని దశాబ్దాలలో పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు విస్తరించినవి. గుంటూరు కేంద్రంగా పెరిగిన హోసన్నా మందిరం ఏటా జరిపే గుడారాల పండుగకు రాష్ట్రం నలుమూలల నుండి జనం వస్తారు. కీబోర్డు, డ్రమ్స్, రిథమ్ ప్యాడ్ సామాన్యమైనవి. ప్రతి సంవత్సరం కొత్త పాటల ఆల్బములు వెలువడుతున్నవి. పాటలు నడిపించేవారిని "వర్షిప్ లీడర్" అని, పాటల సమయాన్ని "స్తుతి ఆరాధన" అని పిలుచుట పాత సంఘాలలోనికి కూడా వచ్చినది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వలన మందిరాలు మూతపడినప్పుడు ఆరాధన యూట్యూబు, వాట్సాప్‌ల ద్వారా ఇళ్ళకు చేరినది. వృద్ధులకు, రోగులకు, దూరదేశాలలో ఉన్న తెలుగువారికి ఇది మేలు చేసినది. అయితే పక్కనున్న మనిషి లేకుండా, బల్ల లేకుండా జరిగేది ఎంతవరకు ఆరాధన అనే సందేహం కూడా అప్పుడే కలిగినది.

నడిపించేవారిలోను మార్పు వచ్చినది. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్పుగా అభిషేకం పొంది, దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్పు అయినది. హైదరాబాదు అగ్రపీఠాధిపతి ఆంథోనీ పూల 2022లో కార్డినల్ అయినాడు. దళితులలో ఈ పదవి పొందిన మొదటివాడు ఆయనే.

భిన్నాభిప్రాయాలు

కొత్త పద్ధతిని సమర్థించేవారు, అది యువతను ఆకర్షించినదని, దుఃఖంలో ఉన్నవారికి బహిరంగంగా ఏడ్చుటకు, సంతోషించుటకు చోటు ఇచ్చినదని చెబుతారు. వారంతా ఎండలో వంగి పనిచేసిన మనిషికి రెండు గంటలు చేతులెత్తి పాడుట గొప్ప ఊరట. దీనిని కేవలం ఆవేశమని తీసివేయరాదు.

విమర్శించేవారు మూడు విషయాలు చూపుతారు. మొదటిది, శబ్దం పెరిగినకొద్దీ సంఘం పాడుట తగ్గి వేదిక మీదివారు పాడుట ఎక్కువయినది. పాడేవారు కాస్తా ప్రేక్షకులవుతున్నారు. రెండవది, స్వస్థత, ధనాశీర్వాదం ప్రధానమై, కానుక బదులు ఆశించే పెట్టుబడిగా మారుతున్నది. మూడవది, ఒప్పుకోలు, ఇతరుల కొరకు చేసే విజ్ఞాపన ప్రార్థన తగ్గుతున్నవి. అయితే పాత క్రమంలో కూడా లోపాలు లేకపోలేదు. పుస్తకం చూసి యాంత్రికంగా చదువుట, సంఘ ఆస్తుల తగాదాలు, ఎన్నికల వివాదాలు అక్కడా ఉన్నవి.

ఆరాధన నిజమైన అర్థం

పైవిషయాలను బట్టి పాత కీర్తనా కొత్త పాటా, పుస్తకమా స్వేచ్ఛా అనే వాదం వలన ఆరాధన అర్థం తేలదని తెలుస్తుంది. బైబిలు ఆధారంగాను, ఈ ప్రాంత చరిత్ర ఆధారంగాను కొన్ని ప్రశ్నలు మాత్రం ఏ సంఘానికైనా వర్తిస్తాయి. కూడినవారందరూ పాల్గొంటున్నారా, లేక చూస్తున్నారా? బీదవానికి, ఇతర కులం వానికి, ఒంటరి స్త్రీకి ముందు వరుసలో చోటు ఉన్నదా? బల్ల వద్ద కలిసినవారు బయట కలుస్తున్నారా? సంఘంలోని రైతు తన కూలికి సరైన కూలి ఇస్తున్నాడా? తూకంలో, వడ్డీలో న్యాయం ఉన్నదా?

గుండ్లకమ్మ ఒడ్డున 1878లో నిలిచినవారికి మైకు లేదు, మందిరం లేదు, చాలామందికి అక్షరాలు రావు. తాము ఎవరికి వెట్టివారము కామని, అందరితో సమానంగా దేవుని ఎదుట నిలువగలమని వారు గ్రహించారు. వంగుట దేవునికే, సేవ మనుష్యులందరికీ అనే ఈ గ్రహింపు క్రైస్తవ ఆరాధనకు మూలం.